నెడ్రా జీపు, ఎర్రవాగు

నెడ్రా జోర్గెన్సన్ కాసిల్ డేల్‌లో పుట్టింది, కాసిల్ డేల్‌లోనే పెళ్ళాడింది, తల నెరిసేదాకా ఆ ఊరి బడి బస్సునే నడిపింది. ఊరికి పడమటి కొండల్లో బొగ్గు గనులు. తూర్పున, గడ్డి చేలు దాటగానే, అందరూ ‘స్వెల్’ అని పిలిచే ఎర్రరాతి బీడు. యూటాలో ఆ మూల మగవాళ్ళు కూటికోసం పడమటికి వెళ్ళేవాళ్ళు, సెలవు దొరికితే తూర్పుకి పోయేవాళ్ళు. ఆడవాళ్ళు పక్క సీట్లో కూర్చుని వాళ్ళ వెంట పోయేవాళ్ళు.

నెడ్రా కూడా అలాగే పోయింది. మొగుడు రూలన్ గనిలో పనిచేసేవాడు. వయసులో ఉన్నప్పుడు ప్రతి ఆకురాలు కాలంలోనూ ఇద్దరూ జీపు వేసుకుని స్వెల్‌లోకి వెళ్ళి, జునిపర్ చెట్ల కింద పడుకుని వచ్చేవాళ్ళు. రూలన్ తోలేవాడు. పశువుల కంచె అడ్డం వచ్చినప్పుడల్లా నెడ్రా దిగి గేటు తీసేది, జీపు దాటాక గేటు వేసేది, దుమ్ము దులుపుకుని మళ్ళీ ఎక్కేది. ఆ దారుల్లో పక్క సీటు వాళ్ళ పని అదే.

తరవాత ఒకరోజు గని పైకప్పు నుంచి పలక జారి రూలన్ నడుం మీద పడింది. ప్రాణం దక్కింది కానీ నడుం మళ్ళీ పాత నడుం కాలేదు. అతను టీవీ ముందు వాలుకుర్చీకి చేరాడు, జీపు పెరటి కొట్టానికి చేరింది. జీపు సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి.

నెడ్రా మాత్రం బస్సు తోలుతూనే ఉంది. బస్సు తోలేవాళ్ళకి దారి తెలుసు గానీ దారి మీద పెత్తనం ఉండదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తిరగాలో ఎవరో ముందే తేల్చి పెట్టి ఉంటారు. పైగా వెనక నుంచి ఒకటే గోల. “నెడ్రా ఆంటీ, వీడు నా టోపీ కిటికీలోంచి పడేశాడు!” “నెడ్రా ఆంటీ, డల్లిన్ గాడు వాంతి చేసుకున్నాడు, నా బూట్లలో!” ఆ గోలని ఆమె ప్రేమించింది కూడా. ఊళ్ళో సగం మంది ఆమె అద్దంలో చూసుకుంటూ పెంచిన పిల్లలే.

పని మానేసిన రోజు బడివాళ్ళు కేకు కోసి, ఒక గోడ గడియారం చేతిలో పెట్టారు. దాన్ని వంటింట్లో తగిలించి దాని ఎదురుగా కూర్చుంది. కూర్చోగలిగినన్నాళ్ళు కూర్చుంది. తరవాత ఒక పొద్దున కొట్టంలోకి వెళ్ళి చీపురందుకుంది. కోళ్ళ అరుపులకి రూలన్ కిటికీ దగ్గరకొచ్చాడు.

“ఏం చేస్తున్నావే అక్కడ?”

“కోళ్ళని ఖాళీ చేయిస్తున్నా.”

“ఎందుకూ?”

“జీపు తీద్దామని.”

“తీసి?”

“తోలుదామని.”

రూలన్ కిటికీ రెక్క ఇంకాస్త తెరిచాడు. “నేను రాలేను కదా. మరి గేట్లెవరు తీస్తారు?”

“ఇన్నాళ్ళూ ఎవరు తీశారో వాళ్ళే.”

మొదటిసారి ఒంటరిగా వెళ్ళినప్పుడు, ఊరి దీపాలు కనబడేంత దూరంలోనే ఇసకలో కూరుకుపోయింది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ చక్రాలు తవ్వుకుని దిగిపోయాయి. పార తీసింది, తవ్వింది, తిట్టింది, మళ్ళీ తవ్వింది. రూలన్ ఇసక రాగానే దిగి టైర్లలో గాలి తీసేవాడని పొద్దు వాలేవేళకి గుర్తొచ్చింది. అన్నాళ్ళూ అతను గాలి తీస్తుంటే తను పక్కన నుంచుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ ఉండేది. గాలి తీశాక జీపు పిల్లిలా నడుచుకుంటూ పైకొచ్చింది. ఇంటికొచ్చి స్నానం చేసి, ఏమీ జరగనట్టు బంగాళదుంపలు వేయించింది. రూలన్ కంచంలోంచి తలెత్తకుండా, “చెవిలో ఇసకుంది,” అన్నాడు.

అక్కణ్ణుంచి ఆమె నెలకోసారైనా వెళ్ళేది. వెనక సీటు పీకేసి, అక్కడే పరుపు వేసుకుంది. ఒక ఇనుప కుండ, సంచీ నిండా దుంపలు, నీళ్ళ డబ్బాలు, పార, ఎక్కడైనా దిగబడితే చక్రాల కింద వెయ్యడానికి రెండు చెక్కలు. రాతి మెట్లున్న చోట జీపు ఆపి, ముందు కాలినడకన వెళ్ళి చూసొచ్చేది. ఏ చక్రం ఏ రాయి మీద పెట్టాలో అనుకుని, చిన్న గేరులో పెట్టి, పసిపిల్లని మెట్లు దింపినట్టు దింపేది. “మెల్లిగా బంగారం, తొందరేం లేదు, బడికి సెలవే ఇవాళ,” అని జీపుతో మాట్లాడేది. సాయంత్రం నిప్పుల మీద ఇనుప కుండ పెట్టి, మూత మీద కూడా నిప్పులు పరిచి, పీచ్ పళ్ళూ పిండీ కలిపి కాల్చుకునేది. చర్చివాళ్ళెవరికీ తెలియని ఒక తప్పు కూడా చేసేది. ఆ చర్చిలో ఎవరూ ముట్టకూడదని నియమమున్న కాఫీని, స్వెల్‌లో ఉన్నన్నాళ్ళూ పొద్దున పూట ఒక లోటా కాచుకునేది. ఇంటికి వచ్చేటప్పుడు ఆ లోటాని ఇసకతో మూడుసార్లు తోమేది.

చర్చిలో అందరూ అక్కలే, అన్నలే. పక్కింటి క్లియో అక్క ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. కంచె మీద నుంచి తొంగిచూసి అడిగేది: “అది కాదు నెడ్రా అక్కా, ఒక్కదానివీ ఆ రాళ్ళలో ఏం చేస్తావమ్మా?”

“ఏమీ చెయ్యను, క్లియో అక్కా.”

“ఏమీ చెయ్యకపోవడానికి అంత దూరం వెళ్ళాలా?”

“ఇంట్లో ఏమీ చెయ్యకుండా కూర్చుంటే నువ్వొచ్చి ఏదో ఒకటి చేయిస్తావుగా.”

వెళ్ళే ముందు ప్రతిసారీ రూలన్ కుర్చీ పక్కన నుంచుని ఏ దారిన వెళ్తోందో, ఎక్కడ పడుకుంటుందో, ఎప్పుడొస్తుందో చెప్పేది. అతను బేస్‌బాల్ ఆట మీద నుంచి చూపు తిప్పేవాడు కాదు. “ఊఁ” అనేవాడు. ఆ ‘ఊఁ’ నానాటికీ పొట్టిదవుతోందని నెడ్రాకి తెలుసు. ఎందుకో అడగలేదు. అడిగితే అతను చెప్పేవాడూ కాదు. పెళ్ళయి అన్నేళ్ళయినా వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నదంతా పొయ్యి గురించీ పైకప్పు గురించీ పిల్లల జ్వరాల గురించీనే.

ఒక సెప్టెంబరులో ఆమె ఎర్రవాగు దాటి అవతలి మిట్ట మీద మకాం పెట్టింది. ఆదివారం చర్చి వేళకి ఇంట్లో ఉంటానని రూలన్‌తో చెప్పింది. వాగులో చుక్క నీరు లేదు. తల పైన ఆకాశం నీలంగా ఉంది. దూరంగా పడమటి కొండల మీద మాత్రం మబ్బులు నల్లగా కూర్చున్నాయి. అది చూసే ఆమె వాగులో ఆగకుండా మిట్ట ఎక్కింది.

కుండ కింద నిప్పులు సర్దుతుంటే చప్పుడు వినిపించింది. బొగ్గు రైలు వస్తున్నట్టుంది. ఆ చుట్టుపక్కల రైలు పట్టా లేదు. లేచి అంచుకి వెళ్ళి చూసేసరికి, వాగు మలుపులోంచి ఎర్రటి నీళ్ళు గోడలా వచ్చాయి. ముందు నురగ, ఆ వెనక చెట్ల మొద్దులు, ఎవరిదో కంచె, చచ్చిన దూడ ఒకటి. క్షణంలో దారి మాయమైంది.

ఆమెకి భయం వెయ్యలేదు. మిట్ట ఎత్తులో ఉంది, తిండి ఉంది, నీళ్ళున్నాయి. ఒక్కటే చిక్కు. వెనకవైపు దారి నీలి బంకమన్ను వాలు. తడిస్తే సబ్బుకన్నా జారుడు. అటు పోవడానికి లేదు, ఇటు దాటడానికి లేదు. ఫోనులో సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. వరద తియ్యాలి, అంతే. అయితే ఆ వరద తియ్యలేదు. కొండల మీద వాన మళ్ళీ మళ్ళీ పడినట్టుంది, రాత్రి ఇటూ ఓ జల్లు కొట్టింది, ఆదివారం పొద్దునకి కూడా నీళ్ళు మొద్దుల్ని మోసుకుంటూనే ఉన్నాయి. చర్చి వేళ దాటింది. రూలన్ తెల్ల చొక్కా వేసుకుని కిటికీ దగ్గర నుంచుని ఉంటాడని తలుచుకుని, లేచి వెళ్ళి మళ్ళీ వాగు చూసొచ్చింది.

పొద్దు తిరిగాక అవతలి గట్టు మీద పసుపుపచ్చ పికప్పు కనబడింది. క్లియో అక్కది. అటూ నీలిమన్ను వాలే, దాని మీద నుంచి దిగుతోంది. దిగడం కూడా కాదు, పక్కకి జారుతోంది. “తొక్కకు, బ్రేకు తొక్కకు,” అని నెడ్రా గొణిగింది. లోపలివాళ్ళు తొక్కనే తొక్కారు, బండి గుండ్రంగా తిరిగి, వెనక చక్రాలు ఇరుసుదాకా బురదలో దిగబడి ఆగింది. తలుపు తెరుచుకుంది. ముందు చేతికర్ర దిగింది, తరవాత తెల్ల చొక్కా.

“రూలన్ జోర్గెన్సన్!” అని నెడ్రా వాగు మీంచి అరిచింది. “నీకు బుద్ధుందా!”

అతను టోపీ తీసి ఆమెని తేరిపార చూశాడు. ఆమె రెండు కాళ్ళ మీద నిలబడి ఉందో లేదో చూసుకుంటున్నట్టు. “బతికే ఉన్నావా!” అని అరిచాడు.

“లేకపోతే నీతో మాట్లాడుతున్నది దయ్యమా! ఆ నడుంతో ఈ దారెందుకొచ్చావు?”

“క్లియో షెరీఫ్‌ని పిలుస్తానంది! హెలికాప్టర్ వస్తే నువ్వు సిగ్గుతో చస్తావని, సాయంత్రందాకా ఆగమని చెప్పొచ్చా!”

“ఇక్కడున్నానని ఎట్లా తెలుసు?”

“నువ్వే చెప్పావుగా!”

“విన్నావా?”

“ఆట చూస్తే చెవులు మూసుకుపోతాయా!”

నెడ్రాకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. చూపించకుండా, “తిండేమన్నా తెచ్చుకున్నావా?” అని అరిచింది. అతను పికప్పులోంచి ఒక డబ్బా తీసి పైకెత్తి చూపించాడు. చిక్కుడుగింజల కూర డబ్బా. దాన్ని అటూ ఇటూ తిప్పి, జేబులు తడుముకుని, నిస్సహాయంగా నిలబడ్డాడు. మూత తీసే సాధనం తేలేదు.

అప్పుడు నెడ్రా నిప్పుల్లో కాలుతున్న దుంపల్ని తీసింది. మొదటి దుంప వాగు పాలైంది. రెండోది గట్టు దాటి వెళ్ళి పికప్పు బానెట్ మీద ధబ్‌మని పడింది.

“క్లియో బండే అది!” రూలన్ కేక పెట్టాడు. “సొట్ట పడింది!”

“నువ్వు పట్టుకోవద్దూ! గని బేస్‌బాల్ జట్టులో ఆడినవాడివి!”

“ఆడదాని చేతి విసురు ఇట్లా ఉంటుందని నాకేం తెలుసు!”

తరవాతి దుంపని కర్ర వదిలేసి రెండు చేతులా అందుకున్నాడు. కాలుతోందని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఎగరేసుకుంటూ, నడుం పట్టేసిందని ఒక కేక పెట్టి, మళ్ళీ ఊదుకుంటూ తిన్నాడు. బానెట్ మీద చితికిన దుంపని కూడా గీరుకుని తిన్నాడు.

పొద్దు వాలింది. క్లియోకి ఇచ్చిన గడువు దాటిపోయింది. కానీ వాగు లోతు తగ్గుతున్నట్టు గట్టు మీద తడి గీత చెబుతోంది. పొద్దునకి దాటొచ్చు. ఇద్దరూ చెరో గట్టున కూర్చున్నారు. ఆమె వైపు మంట ఉంది, అతని వైపు తడిసిన పుల్లల పొగ ఉంది. నీళ్ళ హోరు కాస్త తగ్గింది కానీ ఇంకా అరిస్తేనే మాట అందుతుంది.

“నెడ్రా!”

“ఏంటీ?”

“ఒకటడుగుతా. నిజం చెప్పాలి!”

“గట్టిగా! వినపట్టంలా!”

వంటింట్లో ఎదురెదురుగా కూర్చుని అన్నేళ్ళూ అడగలేని మాటని రూలన్ వాగు అవతలి నుంచి గొంతు చించుకుని అడిగాడు. “నాకు చాకిరీ చెయ్యలేక ఇక్కడికి పారిపోయి వస్తున్నావా?”

ఎదురుగా ఉన్న ఎర్రకొండ ఆ ప్రశ్నని ఇంకో రెండుసార్లు అడిగింది.

నెడ్రా లేచి నిలబడింది. ‘ఊఁ’ ఎందుకు పొట్టిదవుతూ వచ్చిందో అప్పుడు తెలిసింది. ఆ మాటకి అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. కానీ అంత గట్టిగా అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు.

“నాలుగురోజులు ఇంట్లో ఉంటే, నీ దగ్గు విని మొహమ్మీద దిండు పెట్టి నొక్కెయ్యాలనిపిస్తుంది!” అని అరిచింది. “ఇక్కడ రెండురోజులుంటే, ఆ దగ్గు వినపడక నిద్ర పట్టదు! అందుకే వస్తా! అందుకే ఇంటికి పోతా!”

“చివరిది వినపళ్ళా!”

“అందుకే ఇంటికి పోతా అన్నా, చెవిటి మాలోకమా!”

ఆమె ఇంకొంచెం ముందుకి, అంచుదాకా వెళ్ళింది. “ఇంతకాలం బస్సు తోలా రూలన్! వెనక ఎప్పుడూ జనమే! ఎవరూ ఎక్కని బండి ఒకటి తోలుకోవాలని ఉంది నాకు! నీ మీద కోపమేం లేదు!”

కొండ ‘లేదు, లేదు’ అంది. అవతల నుంచి, “అయితే సరే!” అని వినబడింది. కాసేపటికి, “ఇది ముందే చెప్పుండొచ్చు కదా!”

“నువ్వు ముందే అడిగుండొచ్చు కదా!”

ఆ తరవాత అతను పికప్పులో ముడుచుకున్నాడు, ఆమె జీపులో పడుకుంది. కళ్ళు మూతలు పడుతుండగా వాగు అవతలి నుంచి దగ్గు వినిపించింది. రెండుసార్లు, కావాలని, గట్టిగా. అది నిజం దగ్గు కాదని ఆమెకి తెలుసు. నవ్వుకుంటూ అటు తిరిగి పడుకుంది.

తెల్లవారేసరికి వాగులో మోకాటి లోతు నీళ్ళు. నెడ్రా లోటాలో కాఫీ కాచుకుంటుంటే అవతల రూలన్ తలుపు తీసుకుని దిగి, గాలి పీల్చాడు.

“ఆ వాసనేంటి?”

“బార్లీ నీళ్ళు!”

“బార్లీకి అట్లాంటి వాసనెక్కణ్ణుంచి వస్తుందే?”

ఆమె ముందు కర్రతో నేల పొడుచుకుంటూ వాగులో నడిచి, ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ కాలు లాగేసే ఇసకుందో చూసింది. గట్టి చోటున పుల్లలు పాతి, వెనక్కి వెళ్ళి జీపెక్కి, చిన్న గేరులో ఆ పుల్లల వెంట దాటింది. దిగగానే మొగుడి చేతిలో లోటా పెట్టింది. రూలన్ అటూ ఇటూ చూశాడు. ఆ ఎడారిలో సంఘం పెద్దలు ఎవరూ లేరు. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు, మొత్తం తాగేశాడు.

“ఎన్నాళ్ళ నుంచీ?”

“మొదటి నుంచీ.”

“క్లియోకి తెలిస్తే చచ్చూరుకుంటుంది.”

“బానెట్ సొట్ట సంగతి తెలిసి చచ్చాక కదా ఇది.”

ఎండకి మన్ను పైపొర ఆరేదాకా ఆగారు. నెడ్రా బురద తవ్వి, చక్రాల కింద చెక్కలు వేసి, పట్టీ కట్టి జీపుతో లాగింది. పికప్పు గొంతు బొంగురుపోయేలా అరిచి బయటపడింది. రూలన్ సీట్లో కూర్చునేటప్పుడు పళ్ళు బిగబట్టడం ఆమె చూసింది. “తోలగలవా?” అంటే, “నీ వెనక పడి వస్తా, నువ్వు ముందు పో,” అన్నాడు. తిరుగు దారంతా ఆమె అద్దంలో ఆ పసుపుపచ్చ బండిని చూసుకుంటూనే తోలింది. మట్టిరోడ్డు కంకరరోడ్డులో కలిసే చోట షెరీఫ్ బండి, దాని పక్కన చేతులు నడుం మీద పెట్టుకున్న క్లియో అక్క ఎదురయ్యారు. క్లియో ముందు నెడ్రాని కావలించుకుని ఏడ్చింది, తరవాత పికప్పు చుట్టూ తిరిగి బానెట్ చూసి మళ్ళీ ఏడ్చింది.

రూలన్ ఆ తరవాత చాలా రోజులు మంచం దిగలేదు. నడుం సంగతి ఎలా ఉన్నా, నోరు మాత్రం కోలుకుంది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ నీళ్ళ గోడ ఎంత ఎత్తున వచ్చిందో చెప్పేవాడు, అప్పుడు తను అక్కడ లేకపోయినా సరే. కాఫీ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడు వసంతంలో ఇద్దరూ కలిసి ఒకసారి స్వెల్‌లోకి వెళ్ళారు. పక్క సీట్లో దిండ్లు పేర్చి అతన్ని కూర్చోబెట్టింది. ఊరు దాటిన దగ్గర్నుంచీ, “ఎడమకి కొట్టు, ఎడమకి... అయ్యో, ఆ రాయెందుకు ఎక్కించావు... నేనైతే రెండో గేరులో...” అని ఒకటే ధోరణి. మధ్యాహ్నానికి నెడ్రా జీపు ఆపి, ఇంజను ఆర్పి, అతని వైపు తిరిగి చూసింది. రూలన్ టోపీ సర్దుకుని, “ఇంటికి పోదాంలే,” అన్నాడు. దారి పొడుగునా ఇద్దరూ నవ్వుకుంటూనే వచ్చారు.

అప్పటినుంచీ ఆమె మళ్ళీ ఒంటరిగానే వెళ్తోంది. మారింది ఒక్కటే. వచ్చాక రూలన్ టీవీ కట్టేస్తాడు. ఆమె వెళ్ళిన దారి మొత్తం మొదటి నుంచీ చెప్పించుకుంటాడు. ఏ మెట్టు ఎలా దింపిందో, ఏ చెట్టు కింద ఆగిందో, గాలి ఎటు వీచిందో, అన్నీ కావాలి. మధ్యమధ్య, “అక్కడ ఎడమకి కొట్టి ఉండాల్సింది,” అంటాడు, “కొట్టానులే,” అంటుంది ఆమె.

పోయిన ఆకురాలు కాలంలో ఆమె ఎప్పుడూ వెళ్ళనంత దూరం, దక్షిణాన మడ్డీ క్రీక్ లోయల చివరదాకా పోయి వచ్చింది. డెబ్బై దాటిన ఒళ్ళు, ఎముకెముకా వేరుగా నొప్పి పెడుతోంది. బూట్లతోనే సోఫా మీద వాలి చెప్పడం మొదలుపెట్టింది. పాత యురేనియం గని దగ్గర దారి రెండుగా చీలిందనీ, తను కుడివైపు దిగిందనీ, అక్కడ లోయ ఇరుకై, రెండు వైపులా గోడలు దగ్గరకొచ్చి, ఒక మలుపు తిరిగిందనీ...

“ఆ మలుపు తిరిగాక?” అని రూలన్ అడగడం వినబడింది.

చెబుతున్నాననే అనుకుంది నెడ్రా. నిద్ర ముంచుకొచ్చి నోరు పెగల్లేదు. కాసేపటికి, తన పాదాల దగ్గర ఎవరో మూలుగుతూ, అతి కష్టం మీద కిందికి వంగి, బూటు లేసులు విప్పుతున్నట్టు తెలిసింది.